ఆసుపత్రి సిబ్బందికి సోషల్ మీడియా నియమాలు: మా దగ్గర జరిగింది

హైదరాబాద్ ఎల్బీనగర్ పరిసరాల్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను హెచ్ఆర్ విభాగం చూస్తున్నాను. నూటయాభై పడకల ఆసుపత్రి. డాక్టర్లు మొదలుకొని ఆయాల దాకా నాలుగు వందల పైచిలుకు సిబ్బంది. వీరు సోషల్ మీడియాలో ఏం పెట్టవచ్చు, ఏం పెట్టకూడదు అన్న నియమాలు తయారుచేసే బాధ్యత 2025లో నా మీద పడింది. ఫిబ్రవరిలో మొదలైన పని డిసెంబరుకు గానీ ఒక కొలిక్కి రాలేదు. మొదట్లో ఈ దారిలో మాకన్నా ముందు నడిచినవారు రాసినదేమైనా దొరుకుతుందేమోనని చాలా వెతికాను. సాఫ్ట్‌వేర్ కంపెనీల నమూనాలు, న్యాయవాద సంస్థల సలహాలు కుప్పలుగా దొరికాయి గానీ, ఒక వార్డులో, ఒక క్యాజువాలిటీలో ఇలాంటి నియమం పెడితే నిజంగా ఏమవుతుందో చెప్పినవి కనబడలేదు. అందుకే జరిగింది జరిగినట్టు, ఆగిన రోజులతో, అయిన ఖర్చులతో సహా రాస్తున్నాను. రోగులను, సహోద్యోగులను గుర్తుపట్టే వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

దీనికంతటికీ కారణం ఒక రీలు. ఫిబ్రవరి రెండో వారంలో గైనకాలజీ వార్డు నర్సింగ్ స్టేషన్ దగ్గర ఒక స్టాఫ్ నర్సు తన పుట్టినరోజు కేకు కోశారు. తోటి సిస్టర్ తీసిన ఇరవై సెకన్ల వీడియోను ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నారు. చప్పట్లు, నవ్వులు, ముక్కుకు పూసిన క్రీము తప్ప అందులో మరేమీ లేదు. అయితే వాళ్ల వెనక గోడకు వార్డు బోర్డు ఉంది. పడక నంబరు, రోగి పూర్తి పేరు, వయసు, చేయబోయే ప్రొసీజరు, డాక్టరు పేరు నల్ల మార్కరుతో వరుసగా రాసి ఉన్నాయి. వీడియోను ఆపి చూస్తే మూడు వరుసలు స్పష్టంగా చదవవచ్చు. అందులో ఒక వివాహిత పేరు పక్కన ఎంటీపీ, అంటే గర్భస్రావం, అని ఉంది.

ఆమె మూడు రోజుల తరువాత ఫోన్ చేశారు. రిసెప్షన్ వాళ్లు ఆ కాల్ నాకు కలిపారు. నష్టపరిహారం అడగలేదు, కేసు పెడతాననలేదు. "మేడం, ఎంతమంది చూసిండ్రో మీకు తెలుస్తదా?" అని మాత్రం రెండుసార్లు అడిగారు. ఆ నర్సుదీ వీళ్ల అత్తగారిదీ ఒకే కాలనీ. కాలనీలో ఎవరో కుర్రవాడు ఆ రీలును ఆపి, ఫొటో తీసి, ఆమె మరిదికి పంపాడు. రీలును ఆ సాయంత్రానికే తీయించాం. కానీ ఎంతమంది చూశారన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. 1971 నాటి గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణలో 5ఎ అనే సెక్షను చేర్చారు. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరును, వివరాలను డాక్టరు చట్టం అనుమతించిన వ్యక్తికి తప్ప ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఏడాది దాకా జైలు శిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. డాక్టరు అంత జాగ్రత్తగా దాచవలసిన సంగతి డాక్టరు సొంత వార్డు గోడ మీదే అందరికీ కనబడేలా ఉంది.

యాజమాన్యం మొదట చేసిన పని ఫోన్లను నిషేధించడం. మరుసటి రోజే సర్క్యులర్ వచ్చింది. లిఫ్టు దగ్గర సెక్యూరిటీ గార్డు ముందు ప్లాస్టిక్ ట్రేలు పెట్టి, టోకెన్లిచ్చి, డ్యూటీకి వచ్చిన ప్రతి ఒక్కరి ఫోనూ అక్కడ జమ చేయించారు. మొదటి రాత్రే ఆ ట్రేలు మోగుతూనే ఉన్నాయి. చంటిపిల్లలను ఇంట్లో వదిలి నైట్ డ్యూటీకి వచ్చిన తల్లుల ఫోన్లు అవి. ల్యాబ్ నుంచి క్రిటికల్ వాల్యూ, అంటే ప్రాణాపాయాన్ని సూచించే పరీక్ష ఫలితం, చెప్పడానికి చేసిన కాల్ డ్యూటీ డాక్టరుకు అందక, టెక్నీషియన్ రిపోర్టు పట్టుకుని మూడంతస్తులు మెట్లెక్కి పరుగెత్తాడు. పది రోజులు తిరగకముందే ఆ సర్క్యులర్‌ను ఉపసంహరించుకున్నారు. ఎక్కడైనా ఈ పనికి పూనుకుంటున్నవారు నిషేధంతో మొదలుపెడితే, తరువాత ఎంత మంచి నియమం తెచ్చినా సిబ్బంది దాన్ని ఆ ట్రేలతో కలిపే చూస్తారు. ఆ అపనమ్మకం పోగొట్టడానికి మాకు నెలలు పట్టింది.

ఆ నర్సును సస్పెండ్ చేశారు. తీసెయ్యాలన్న మాట కూడా గట్టిగానే వినిపించింది. ఆమెను పిలిచి మాట్లాడిన గంట నాకు బాగా గుర్తుంది. ఆమె తనను సమర్థించుకోలేదు. ఆ రోగిని కలిసి క్షమాపణ చెప్పే వీలుందా అని అడిగారు; రోగి వద్దన్నారని చెప్పాల్సి వచ్చింది. వెళ్లబోతూ ఆమె ఒక మాటన్నారు: "మేడం, ఆ బోర్డు విజిటింగ్ అవర్స్‌లో అందరూ చదువుతూనే ఉంటారు. మా ఫోన్లోకి రాకముందు కూడా అది అక్కడే ఉంది." ఆ మాటను నేను కమిటీ మినిట్స్‌లో యథాతథంగా రాయించాను. మూడు వారాల తరువాత ఆమెను లిఖితపూర్వక హెచ్చరికతో విధుల్లోకి తీసుకున్నారు.

మార్చి మొదటి వారంలో నియమావళి రాయమని నాకు చెప్పారు. హైటెక్ సిటీలోని ఒక ఐటీ సంస్థ పాలసీని ఎవరో తెచ్చి, పేరు మార్చి వాడుకోమన్నారు. సోర్స్ కోడ్, క్లయింట్ల పేర్లు, త్రైమాసిక ఫలితాలు బయటపెట్టరాదని అందులో ఉంది. కేస్ షీటు గురించి గానీ, ఎక్స్‌రే గురించి గానీ ఒక్క ముక్క లేదు. దీనికి తోడు మేనేజింగ్ డైరెక్టరు గారు మూడు అంశాలు తప్పనిసరిగా ఉండాలన్నారు. ఉద్యోగులంతా తమ సోషల్ మీడియా ఖాతాల వివరాలు హెచ్ఆర్‌కు ఇవ్వాలి. ఆసుపత్రికి ఇబ్బంది కలిగించే, అభ్యంతరకరమైన పోస్టులేవీ పెట్టకూడదు. ఆసుపత్రి పేజీలో వచ్చే పోస్టులను అందరూ షేర్ చేయాలి. ఆ మూడింటినీ చేర్చి, నాకు సందేహంగా ఉన్నచోట్ల పెన్సిలుతో గీతలు పెట్టి, ముసాయిదాను న్యాయవాదికి పంపాం.

ఆయన హైకోర్టులో కార్మిక కేసులు చూస్తారు. అభిప్రాయం రావడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. రెండు విడతల పరిశీలనకు ఫీజు నలభై వేల రూపాయలు. మదీనా వైపున్న ఆయన ఆఫీసులో కూర్చున్నప్పుడు మా ఆరు పేజీల ముసాయిదాలో నాలుగు పేజీలకు అడ్డంగా గీత కొట్టి ఉంది. ఆయన చెప్పింది నాకు కనువిప్పు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. 'తీవ్ర అభ్యంతరకరం', 'ఇబ్బంది' లాంటి మాటలకు హద్దు ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. "అది నేర శాసనం, మీది ఆఫీసు నియమం, రెండూ ఒకటి కాదు. కానీ మీరు రేపు ఎవరినైనా ఈ మాట మీద తొలగిస్తే, ఏది అభ్యంతరకరమో ముందే ఎందుకు చెప్పలేదని ఎంక్వైరీలో మిమ్మల్నే అడుగుతారు" అన్నారు.

ప్రైవేటు సంస్థకు వాక్ స్వాతంత్ర్యపు అధికరణం వర్తించదు కదా అని ఎండీ గారు అడిగించారు. ఆ వాదన మీద ఆధారపడవద్దని న్యాయవాది గట్టిగా చెప్పారు. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ తీర్పులో, 19 (వాక్ స్వాతంత్ర్యం వంటివి), 21 (జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛ) అధికరణాల కింది హక్కులను ప్రభుత్వేతరుల విషయంలోనూ అమలు చేయవచ్చని చెప్పారట. ఖాతాల వివరాలు అడగడం గురించి, గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఇచ్చిన పుట్టస్వామి తీర్పును గుర్తుచేశారు. ఉద్యోగి అబద్ధపు ఆరోపణతో సంస్థ పరువు తీస్తే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను ఎలాగూ ఉంది, దాన్ని మళ్లీ మీరు రాయనక్కర్లేదన్నారు. చివరికి ఆయన అడిగిన ప్రశ్న నేను డైరీలో రాసుకున్నాను. "ఈ కాగితం మీ ఆసుపత్రి పేరు కాపాడటానికా, పేషెంట్లను కాపాడటానికా? ముందు అది తేల్చుకుని రండి."

అది తేల్చుకోవడం తేలిక కాలేదు. ఏప్రిల్ సగం దానికే పోయింది. ఎండీ గారు చెడ్డ మనిషి కారు. పాతికేళ్లు కష్టపడి నిలబెట్టిన ఆసుపత్రి పేరు ఒక్క పోస్టుతో పోతుందన్న భయం ఆయనది. నేను వాదనలతో పోలేదు. ఫిబ్రవరిలో ఫోన్ చేసిన ఆమె మాటలు ఆయనకు చెప్పాను. మన పేరు పోయిందని ఆమెకు బాధ లేదు సార్, తన పేరు బయటికి పోయిందనే బాధ అన్నాను. ఆ వారంలోనే ఆసుపత్రి పోస్టులను తప్పనిసరిగా షేర్ చేయాలన్న అంశాన్ని, ఖాతాల వివరాల అంశాన్ని ఆయన తీసేయమన్నారు. ఇబ్బంది కలిగించే పోస్టుల అంశం, అంటే ఆసుపత్రిపై విమర్శ గురించినది, మాత్రం జూన్ దాకా నలిగింది.

ఏప్రిల్ చివరి నుంచి మే వరకు షిఫ్టుల వారీగా సిబ్బందితో కూర్చున్నాం. మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు మారేటప్పుడు ఒక బృందం, రాత్రి ఎనిమిదికి మరొకటి. ముందుగా రాసి తీసుకెళ్లిన కాగితం మీద సంతకం పెట్టించుకోవడానికే వచ్చామని మొదటి సమావేశంలో అందరూ అనుకున్నారు. ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒక ఆయా, "మేడం, మా మనుమరాలి పుట్టినరోజు ఫొటో స్టేటస్ పెట్టుకుంటే గూడ మీకు చెప్పాల్నా?" అని అడిగింది. చెప్పనక్కర్లేదమ్మా అన్నాక గానీ మిగతావాళ్లు మాట్లాడలేదు. జీతం ఆలస్యమైందని మా మలయాళీ సిస్టర్ల గ్రూపులో రాసుకుంటే ఉద్యోగం పోతుందా అని కేరళ నుంచి వచ్చిన నర్సు ఒకరు అడిగారు. లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేసినవారి పేరు తోటివాళ్లే స్క్రీన్‌షాట్లతో తిప్పుతుంటే ఏం చేస్తారని ల్యాబ్ నుంచి మరొకరు అడిగారు. ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టరాదని 2013 చట్టం 16వ సెక్షనులోనే ఉంది; కానీ వాట్సాప్ గ్రూపు కూడా ఆ నిషేధం కిందికి వస్తుందని సిబ్బందిలో చాలామందికి తట్టలేదు.

నర్సుల నుంచే మాకు అన్నిటికన్నా పనికొచ్చిన సూచన వచ్చింది. యూనిఫాంలో ఫొటో దిగడం వాళ్లకు గర్వం. ఊళ్లో అమ్మానాన్నలకు పంపుకుంటారు. అది వద్దంటే ఎలా, ఎక్కడ దిగవచ్చో చెప్పండి అన్నారు. నిజమే, మా ముసాయిదా నిండా 'కూడదు'లే తప్ప ఒక్క 'చేయవచ్చు' లేదు. స్టాఫ్ క్యాంటీన్ పక్క గోడకు లేత రంగు వేయించి, రోగులు గానీ కాగితాలు గానీ కనబడని ఆ చోటును ఫొటోలకు కేటాయించాం. మే 12న నర్సుల దినోత్సవం అక్కడే చేసుకున్నారు. ఆ రోజు సోషల్ మీడియాలో మా ఆసుపత్రి పేరుతో వచ్చినన్ని ఫొటోలు అంతకుముందెప్పుడూ రాలేదు. ఒక్కదాని మీదా ఫిర్యాదు లేదు.

వార్డు బోర్డుల సంగతి ఇదే నెలలో తేలింది. సస్పెండ్ అయిన నర్సు చెప్పిన మాటను కమిటీ ముందుంచాను. సూపరింటెండెంట్ గారు నన్ను వెంటబెట్టుకుని అన్ని అంతస్తులూ తిప్పారు. విజిటర్ల కుర్చీల నుంచి, లిఫ్టు తలుపు నుంచి, నీళ్ల కూలరు దగ్గర్నుంచి బోర్డులు చదవవచ్చు. ఒకచోట రోగి పేరు పక్కన ఎర్ర మార్కరుతో ఇన్ఫెక్షన్ పేరు కూడా రాసి ఉంది. హెచ్ఐవీ స్థితిని సమ్మతి లేకుండా వెల్లడించరాదని 2017 చట్టం చెబుతున్నప్పుడు, ఇలాంటి బోర్డు మీద ఏదో ఒక రోజు ఆ మూడక్షరాలూ ఎక్కవని ఎవరు హామీ ఇవ్వగలరు? పాత బోర్డులన్నీ తీసి, నర్సింగ్ స్టేషన్ లోపలి గోడకు, బయటివారికి కనబడని కోణంలో, పడక నంబరు, రోగి ఐడీ మాత్రమే రాసేలా కొత్తవి పెట్టించాం. ఖర్చు పాతిక వేల పైన. పేర్లు లేకపోతే మందులు తారుమారవుతాయేమోనన్న డాక్టర్ల ఆందోళన న్యాయమైనదే. అందుకే రోగి చేతి బ్యాండు చూసి పేరు, ఐడీ రెండూ సరిపోల్చిన తరువాతే మందు ఇవ్వాలన్న పాత నిబంధనను మళ్లీ అందరిచేత సాధన చేయించారు.

డాక్టర్లతో సమావేశం వేరే తీరుగా సాగింది. అర్ధరాత్రి వచ్చిన ఛాతీ నొప్పి రోగి ఈసీజీని డ్యూటీ డాక్టరు ఫొటో తీసి కార్డియాలజిస్టుకు వాట్సాప్‌లో పంపడం మా దగ్గర రోజూ జరిగేదే, ప్రాణాలు నిలిపేదే. దాన్ని ఆపే ప్రశ్నే లేదు. ఒక సీనియర్ ఫిజీషియన్ తన ఇంట్లో జరిగింది చెప్పారు. గ్రూపులో వచ్చిన ఫొటోలన్నీ ఆయన ఫోను గ్యాలరీలో తమంతట తామే చేరి, అక్కడి నుంచి క్లౌడ్‌లోకి ఎక్కి, ఒక ఆదివారం హాల్లోని టీవీలో ఇంటి ఫొటోల మధ్య ఒక రోగి కాలి పుండు ప్రత్యక్షమైంది. పిల్లలు భోజనం చేస్తున్నారు. ఆ మాట తరువాత చర్చ చాలా సూటిగా నడిచింది. ఫొటో తీసేటప్పుడే పేరు, ఐడీ ఉన్న భాగం రాకుండా చూసుకోవాలి. గ్రూపు మీడియా గ్యాలరీలో చేరకుండా సెట్టింగు మార్చాలి. ఆసుపత్రి వదిలిన డాక్టరును గ్రూపు నుంచి అదే రోజు తీసేయాలి. మా ఐటీ కుర్రవాడు వారం పాటు ప్రతి షిఫ్టులోనూ తిరిగి అడిగిన వారందరి ఫోన్లలో ఆ సెట్టింగు మార్చి పెట్టాడు. నియమావళి మొత్తంలో రూపాయి ఖర్చు లేకుండా ఎక్కువ మేలు చేసింది ఇదేనని నేను నమ్ముతాను.

డాక్టర్ల సోషల్ మీడియా గురించి జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న నిబంధనలు తెచ్చి, అదే నెల 23న నిలుపుదల చేసింది. కాబట్టి మేము డాక్టర్లకు భారత వైద్య మండలి పెట్టిన 2002 నాటి నైతిక నియమావళినే ఆధారం చేసుకున్నాం. వృత్తిలో తెలిసిన రోగి రహస్యాలను కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప వెల్లడించరాదని, గుర్తుపట్టే విధంగా రోగి ఫొటోలను అనుమతి లేకుండా ప్రచురించరాదని అందులో ముందే ఉంది. కొత్తగా మేము కనిపెట్టవలసింది ఏమీ లేకపోయింది.

అసలు కష్టం మార్కెటింగ్ విభాగం దగ్గర వచ్చింది. సిబ్బంది పెట్టే రీళ్ల గురించి మేమింత మాట్లాడుతుంటే, ఆసుపత్రి సొంత పేజీలో రోగుల ముఖాలతో, పేర్లతో, జబ్బులతో వీడియోలు ఉన్నాయి. అనుమతి ఉందా అంటే, అడ్మిషన్ ఫారం చివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం చూపించారు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులోనే ఆమోదం పొందినా, మేము ఈ పనిలో ఉన్నప్పటికి ఇంకా అమల్లోకి రాలేదు. అయినా సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతు లేకుండా ఇచ్చినదై ఉండాలని, ఇచ్చినంత సులభంగా వెనక్కి తీసుకునే వీలుండాలని ఆ చట్టం చెబుతుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి కావాలి. వైద్యం కోసం పెట్టిన సంతకాన్ని ప్రచారానికి వాడుకోవడం ఈ కొలతకు నిలవదని న్యాయవాది స్పష్టంగా రాసిచ్చారు.

వీడియోల్లో ఉన్న రోగులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగాం. జూన్ నెలంతా దీనికే సరిపోయింది. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న వనస్థలిపురం పెద్దాయన ఒకరు, "తీసెయ్యకండమ్మా, మా అమెరికా మనవలు చూస్తుంటారు" అని సంతోషంగా కొత్త ఫారం మీద సంతకం పంపారు. మరొకావిడ, వీడియో ఇస్తేనే బిల్లులో తగ్గిస్తారని అనుకుని ఒప్పుకున్నానని చెప్పారు. ఎవరు అలా చెప్పారో ఆమెకు గుర్తులేదు. ఆ ఫోన్ పెట్టేసిన తరువాత చాలాసేపు నాకు మరో నంబరు నొక్కబుద్ధి కాలేదు. వేరుగా సమ్మతి రాని వీడియోలన్నీ తీసేశాం. దాదాపు సగం పోయాయి. వాటిని తీయించడానికి పెట్టిన ఖర్చు గురించి మార్కెటింగ్ అధిపతి బాధపడటంలో అన్యాయం లేదు. కానీ ఎండీ గారు తీసెయ్యమని ఆ రోజు చెప్పిన తీరు వల్లే ఈ నియమావళి నిలబడిందని నా అభిప్రాయం. ఆసుపత్రి తన వీడియోలు తాను తీసేసిందన్న మాట ఒక్క రోజులో అన్ని వార్డులకూ పాకింది. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లు తమ పాత పోస్టులు చూపించి, ఇది ఉంచవచ్చా మేడం అని అడగడం మొదలుపెట్టారు.

విమర్శ అంశం మీద కూడా ఆ తరువాతే దారి దొరికింది. జీతం, పనిగంటలు, భద్రత, వేధింపుల గురించి ఉద్యోగులు మాట్లాడుకోవడం గానీ, సంబంధిత అధికారులకు ఫిర్యాదు చేయడం గానీ ఈ నియమాల ఉల్లంఘన కాదని ప్రత్యేకంగా ఒక వాక్యం రాశాం. ఎవరి ఖాతాలనూ హెచ్ఆర్ గమనించదని, ఫిర్యాదు వచ్చినప్పుడే పరిశీలిస్తుందని మరో వాక్యం. ఆరు పేజీలు చివరికి రెండు పేజీలైంది. రోగి పేరు, ముఖం, గొంతు, చేతి బ్యాండు, కేస్ షీటు, రిపోర్టు, మానిటర్ తెర, బోర్డు: వీటిలో ఏదీ సొంత ఖాతాలోకి పోకూడదన్నది అందులోని మూలం. ఐసీయూ, ఓటీ (ఆపరేషన్ థియేటర్), లేబర్ రూం, క్యాజువాలిటీ, స్కానింగ్ గదుల్లో సొంత అవసరానికి కెమెరా తీయకూడదు. స్కానింగ్ గది విషయంలో లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఉన్నందున ఎవరూ వాదించలేదు. మానసిక చికిత్స పొందుతున్నవారు, లైంగిక నేరాల బాధితులు, మైనర్ల విషయంలో గుర్తింపు బయటపెట్టడం చట్టరీత్యానే నేరమో, నిషేధమో అని క్యాజువాలిటీలో విడిగా ఒక కాగితం అంటించాం.

తెలుగు, హిందీ, ఉర్దూ, మలయాళ అనువాదాలకు, ముద్రణకు కలిపి ముప్పై వేలకు దగ్గరగా అయింది. లాయరు ఫీజు, బోర్డులు, కొత్త సమ్మతి ఫారాలు అన్నీ చేరిస్తే మొత్తం లక్షన్నర లోపే. జూలై రెండో వారంలో సంతకాలు మొదలయ్యాయి. అపాయింట్‌మెంట్ లెటరుకు అనుబంధంగా దీన్ని చేర్చకపోతే తరువాత క్రమశిక్షణ చర్యకు ఆధారం ఉండదని న్యాయవాది ముందే చెప్పారు కాబట్టి, ఒక్కొక్కరికీ కాపీ ఇచ్చి, చదువుకోవడానికి వారం గడువిచ్చి సంతకం తీసుకున్నాం.

సంతకం పెట్టనన్నవారిలో ఒక డాక్టరు ఉన్నారు. ఆయనకు యూట్యూబ్‌లో మంచి ఆదరణ ఉన్న ఆరోగ్య ఛానల్ ఉంది. దాన్ని మూయించడానికే ఇదంతా అని అనుకున్నారు. ఆయనతో రెండు వారాల పాటు మాట్లాడాం. ఆరోగ్యం గురించి చెప్పే ప్రభావశీలురకు (ఇన్‌ఫ్లుయెన్సర్లకు) వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులో మార్గదర్శకాలిచ్చింది. అర్హత ఉన్న వైద్యులు తమ అర్హతను వెల్లడించి చెప్పాలి, డబ్బు తీసుకున్న ప్రచారమైతే ఆ సంగతీ చెప్పాలి. ఆయన అప్పటికే ఇవన్నీ పాటిస్తున్నారు. మా రోగుల కథలు వాడకుండా, ఆసుపత్రి ఆవరణలో తీయకుండా, ఇవి సొంత అభిప్రాయాలని చెబుతూ, కామెంట్లలో మందుల పేర్లు సూచించకుండా ఉంటే చాలన్నాం. ఆగస్టు మొదట్లో సంతకం పెట్టారు. సెప్టెంబరులో కొత్త ఇంటర్న్‌లకు ఈ విషయం మీద క్లాసు చెప్పింది ఆయనే.

మేమెవరమూ ఊహించని ఇబ్బంది వానాకాలంలో ఎదురైంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో నగరంలో డెంగీ పెరగగానే ప్లేట్‌లెట్ల కోసం విజ్ఞప్తులు గ్రూపుల్లో మొదలయ్యాయి. రోగి పేరు, వయసు, జబ్బు, పడక నంబరు, కొన్నిసార్లు ఐసీయూలో పడుకున్న ఫొటోతో సహా మా సిబ్బందే ఫార్వర్డ్ చేశారు. మంచి మనసుతో చేసిన పనిని నియమం పేరుతో ఆపడం అన్యాయం. ఆపకపోతే నియమానికి అర్థం లేదు. బ్లడ్ బ్యాంకు ఇన్‌ఛార్జితో కూర్చుని ఒక నమూనా తయారుచేశాం. రక్తపు గ్రూపు, కావలసినది రక్తమా ప్లేట్‌లెట్లా, ఆసుపత్రి పేరు, ఎప్పటిదాకా అవసరం, బంధువు అనుమతితో ఒక ఫోన్ నంబరు, అంతే. అవసరం తీరగానే, 'దొరికింది, ఇక పంపవద్దు' అని అదే గ్రూపులో పెట్టాలి. నెల తిరిగేసరికి పాత విజ్ఞప్తులకు వచ్చే కాల్స్ బాగా తగ్గాయని బంధువులే చెప్పారు.

అక్టోబరులో నియమావళికి మొదటి పరీక్ష వచ్చింది. విజయవాడ హైవే మీద ప్రమాదంలో గాయపడిన యువకుడిని క్యాజువాలిటీకి తెచ్చినప్పుడు ఒక సెక్యూరిటీ గార్డు ఫొటో తీసి, స్థానిక వార్తల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి ఫోన్ వెళ్లేలోపే ఆ యువకుడి అన్నయ్య ఆ ఫొటో చూశాడు. గార్డు మా ఉద్యోగి కాదు, ఏజెన్సీ మనిషి. మా మెమో అతనికి వర్తించదు. కాంట్రాక్టులో ఈ నియమాలు చేర్చే సవరణను మేము జూలైలోనే పంపినా ఏజెన్సీ ఆఫీసులో అది సంతకం కాకుండా మూడు నెలలుగా పడి ఉంది. అతన్ని వేరే సైటుకు మార్చేస్తామని మరునాడే చెప్పారు. నేను ఒప్పుకోలేదు. అక్కడి రోగులదీ ఇదే పరిస్థితి కదా. ఏజెన్సీయే అతనికి షోకాజ్ నోటీసిచ్చి, వారం గడువులో వివరణ తీసుకుని, మా ప్రతినిధి సమక్షంలో విచారించాలని పట్టుబట్టాం. ఆ సవరణ పత్రం రెండు రోజుల్లో సంతకమై వచ్చింది. విచారణలో అతను, ఆ గ్రూపు అడ్మిన్ ప్రమాదాల ఫొటోకు వంద రూపాయల చొప్పున ఇస్తాడని చెప్పాడు. హౌస్‌కీపింగ్, క్యాంటీన్, నర్సింగ్ విద్యార్థులను పంపే కాలేజీల ఒప్పందాలన్నీ ఆ నెలలోనే సవరించాం. ఎవరైనా ఈ పని మొదలుపెడితే బయటి ఏజెన్సీల కాగితాలతోనే మొదలుపెట్టమని చెబుతాను, అన్నిటికన్నా ఆలస్యమయ్యేవి అవే కనుక.

నవంబరు మధ్యలో వ్యక్తిగత సమాచార రక్షణ నియమాలు నోటిఫై అయ్యాయి. సంస్థల మీద పడే ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. న్యాయవాది మా కాగితాలను మళ్లీ చూసి, సమ్మతి నోటీసును రోగి కోరిన భాషలో ఇచ్చే ఏర్పాటును, సమ్మతి వెనక్కి తీసుకునేందుకు ఒక ఫోన్ నంబరును చేర్చమన్నారు. డిసెంబరు నుంచి ప్రతి వీడియోకూ, ప్రతి ఫొటోకూ విడిగా సమ్మతి రిజిస్టరు నడుస్తోంది. మార్కెటింగ్ వాళ్లే దాన్ని రాస్తున్నారు, నెలాఖరున నేను సరిచూస్తున్నాను.

ఇంకా తేలనిది రోగుల వెంట వచ్చే అటెండెంట్ల సంగతి. జనరల్ వార్డులో తమవారి వీడియో తీసుకుంటూ పక్క పడక మనిషిని కూడా అందులో బంధిస్తారు. వాళ్లు మా ఉద్యోగులు కారు, వాళ్లతో సంతకం పెట్టించుకోలేం. వద్దని చెప్పిన సిస్టర్ మీద కేకలు వేసిన సందర్భాలున్నాయి. ప్రస్తుతానికి పడకల మధ్య తెరలు పెంచాం, అడ్మిషన్ సమయంలో బిల్లింగ్ కౌంటరు దగ్గరే ఈ మాట చెప్పిస్తున్నాం, గొడవైతే సిస్టర్లు వాదించకుండా ఫ్లోర్ మేనేజరును పిలవాలని నియమావళిలో చేర్చాం. 2026 మార్చి సమీక్షకు దీన్నే మొదటి అంశంగా పెట్టాను.